రెండు గంటల బడి ఉద్యోగానికి వెయ్యి రూపాయల్లో ప్రకటన ఇవ్వడం ఎలా?

పర్లాకిమిడిలో ఒక చిన్న ప్రైవేటు బడి కమిటీకి నేను కార్యదర్శిని. కొన్నేళ్ల కిందట మా తెలుగు టీచరు పెళ్లి చేసుకుని విజయనగరం వెళ్లిపోయారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు రోజుకు రెండు గంటలు తెలుగు చెప్పాలి. అంతకు మించి పని లేదు, అంతకు మించి ఇవ్వడానికి మా దగ్గర డబ్బూ లేదు. కంగారులో ఒక పెద్ద పేపర్లో, అన్ని జిల్లాలకూ వెళ్లే పేజీలో నాలుగు లైన్లు వేయించాను. ఏడాదికని పక్కన పెట్టుకున్న ప్రకటనల డబ్బు ఆ ఒక్క ఆదివారంతో హరించుకుపోయింది. ఫోన్లు మాత్రం మోత మోగాయి. గుంటూరు నుంచి ఒకాయన ఉండటానికి గది ఇస్తారా అన్నారు. కరీంనగర్ నుంచి ఒకావిడ పర్లాకిమిడి ఏ జిల్లాలో ఉందని అడిగి, ఒడిశా అనగానే పెట్టేశారు. చివరికి దొరికిన మనిషి మా బడికి మూడు వీధుల అవతల ఉండే రిటైర్డ్ మాస్టారు. ఖాళీ ఉందని ఆయనకు చెప్పింది పాలు పోసే అబ్బాయి.

రెండు గంటల పనికి ఎవరూ ఊరు మారరు. మీకు కావలసిన మనిషి ఇప్పటికే మీ బడికి ఐదారు కిలోమీటర్ల లోపల ఎక్కడో ఉన్నారు. మీ ప్రకటన రాష్ట్రమంతా తిరగనక్కర లేదు, ఆ ఐదారు కిలోమీటర్లలో సరిగ్గా తిరిగితే చాలు. ఈ సంగతి తలకెక్కాక ఖర్చు దానంతట అదే తగ్గింది. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చిన్న బళ్లు నడిపేవారికి పనికొస్తుందని మేము చేసే పద్ధతి రాస్తున్నాను.

ముందు టైంటేబుల్ సరిచేయండి

ప్రకటన రాయడానికి ముందు పెన్ను పక్కన పెట్టి టైంటేబుల్ తీయండి. మాది చూస్తే సిగ్గేసింది. తెలుగు పీరియడ్ ఒకటి ఉదయం పదిన్నరకు, ఒకటి మధ్యాహ్నం పన్నెండు దాటాక, ఇంకొకటి మూడు గంటలకు. కాగితం మీద అది రెండు గంటల పనే. వచ్చే మనిషికి మాత్రం పొద్దంతా పోయినట్టే. అలాంటి ఉద్యోగానికి ఎంత మంచి ప్రకటన వేసినా మనిషి దొరకరు, దొరికినా దసరా దాకా ఉండరు. మా హెడ్మిస్ట్రెస్‌తో ఒక సాయంత్రం కూర్చుని తెలుగు పీరియడ్లన్నీ 10 నుంచి 12 లోపలికి జరిపాము. లెక్కల మాస్టారు కాస్త అలిగారు. నాలుగు రోజులకు సర్దుకున్నారు.

ఆ తర్వాత జీతం. ఇచ్చేది ఎంత అనే లెక్క అందరూ వేస్తారు. తీసుకునేవారి చేతిలో మిగిలేది ఎంత అనే లెక్క కూడా వేయండి. మేము 6,000 అనుకున్నాము. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చేవారికి ఆటోకు రానూపోనూ రోజుకు నలభై రూపాయలు అనుకుంటే, నెలలో ఇరవై రెండు పనిదినాలకు 880. మిగిలేది 5,120. నలభై నాలుగు గంటల పాఠానికి గంటకు 116 రూపాయలు పడుతుంది. పరీక్ష పేపర్లు దిద్దే సమయం ఇందులో లేదు. ఆ లెక్క చూశాక పేపర్లు దిద్దే నెలల్లో విడిగా కొంత ఇవ్వాలని నిర్ణయించాము. వేసవి సెలవుల్లో జీతం ఉంటుందా, ఉండదా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి. అభ్యర్థులు అందరూ అడిగే ప్రశ్న అది, ఏ ప్రకటనలోనూ కనిపించనిదీ అదే.

చదువు అర్హతల విషయంలో సొంత తెలివి పనికిరాదు. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు పాఠం చెప్పేవారికి ఉండాల్సిన అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010లో నిర్ణయించింది. డి.ఎల్.ఇడి. లేదా బి.ఇడి. శిక్షణ, టెట్ అనే అర్హత పరీక్ష వంటివి అక్కడి నుంచి వచ్చినవే. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో పార్ట్‌టైమ్ బోధకుల మాట కూడా ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే చిత్రకళ, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైమ్ వారు ఉండాలని అది చెబుతుంది. సరిహద్దున ఉన్నవారికి ఇంకో చిక్కుంది. అవతల ఆంధ్రలో టెట్ రాసినవారు, అది ఇక్కడ పనికొస్తుందా అని తప్పకుండా అడుగుతారు. మీ పోస్టుకు ఏది చెల్లుతుందో జిల్లా విద్యాధికారి కార్యాలయంలో ముందే కనుక్కుని ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఫోనులో తడబడితే మంచి అభ్యర్థి చేజారిపోతారు.

కావలెను అనే జబ్బు

ఇప్పుడు రాయండి. నేను మొదట పేపర్లో వేయించినది ఇది:

"ప్రముఖ పాఠశాల యందు బోధించుటకు అనుభవజ్ఞులు, అంకితభావం గల ఉపాధ్యాయులు కావలెను. ఆకర్షణీయమైన వేతనం. వెంటనే సంప్రదించగలరు."

గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ ఊరి బడి కార్యదర్శిని, "యందు", "బోధించుటకు" అని రాసి, మాటకింత అని డబ్బు కూడా కట్టాను. భాష సంగతి అలా ఉంచండి, అందులో సమాచారం ఏముంది? ఏ పాఠమో లేదు, ఎన్ని గంటలో లేదు, ఊరి పేరు లేదు, జీతం లేదు. "ప్రముఖ" అన్నది పచ్చి అబద్ధం. మా వీధి చివర పాన్ కొట్టు ఇంతకన్నా ప్రముఖం.

రెండోసారి ఖాళీ వచ్చినప్పుడు, అంటే మా మాస్టారు కొడుకు దగ్గరికి విశాఖ వెళ్లిపోయినప్పుడు, ఇలా రాశాము:

"తెలుగు టీచరు కావాలి. రోజుకు రెండు గంటలే.
ఉదయం 10 నుంచి 12 వరకు, సోమవారం నుంచి శుక్రవారం దాకా.
6, 7, 8 తరగతులు. మొత్తం 54 మంది పిల్లలు.
నెలకు 6,000 రూపాయలు, 5వ తేదీలోపు బ్యాంకు ఖాతాలో. వేసవి సెలవుల్లో సగం జీతం.
బి.ఇడి. లేదా డి.ఎల్.ఇడి., టెట్ ఉండాలి. రిటైరైన వారు కూడా రావచ్చు.
పర్లాకిమిడి రైల్వే స్టేషను నుంచి నడిచి పది నిమిషాలు.
సాయంత్రం 4 నుంచి 6 మధ్య హెడ్మిస్ట్రెస్‌కు ఫోను చేయండి. చివరి తేదీ ఏప్రిల్ 5.
దరఖాస్తుకు రుసుము ఏమీ లేదు."

పై వరుసలో "రెండు గంటలే" అన్న మాటను అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో పెట్టించాను. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో ఉన్న ఆకర్షణ అంతా దానిలోనే ఉంది. పిల్లలను బడికి పంపి పదింటికి ఖాళీ అయ్యే తల్లి, పింఛను వస్తున్నా ఇంట్లో పొద్దుపోని మాస్టారు, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకునే కుర్రవాడు, ముగ్గురూ వెతికేది గంటలనే. బడి పేరు కింద ఉన్నా ఫరవాలేదు.

జీతం రాస్తే పక్క బడివారికి తెలిసిపోతుందని మా కమిటీలో ఒక పెద్దాయన అడ్డుపడ్డారు. పక్క బడివారికి మన జీతాలు మనకన్నా ముందే తెలుసు. జీతం రాయకపోతే వచ్చే ఫోన్లన్నీ జీతం అడగడానికే వస్తాయి, రాస్తే ఆ డబ్బుకు ఇష్టపడినవారే చేస్తారు.

రుసుము లేదన్న చివరి వాక్యం తీసేయకండి. ఉద్యోగాల పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజులు గుంజే మోసాలు చూసి చూసి జనం విసిగిపోయి ఉన్నారు. ఆ ఒక్క వాక్యం మీ మీద నమ్మకం కలిగిస్తుంది. "ఆడవారు మాత్రమే", "35 ఏళ్లలోపు", "పెళ్లి కానివారికి ప్రాధాన్యం" వంటివి మాత్రం రాయవద్దు. అది అన్యాయం. పైగా మా పోస్టుకు తగినవారిలో సగం మంది అరవై దాటినవారే.

ఒడియాలో కూడా ఒక వరుస

మన వైపు ఇళ్లలో ఒక వింత ఉంది. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడతారు, చదివింది ఒడియా మీడియం కాబట్టి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. తెలుగు టీచరు పోస్టుకైతే తెలుగులోనే ప్రకటన ఉండాలి, అది చదవలేనివారు ఎలాగూ పనికిరారు. కానీ ఆ కాగితాన్ని చూసి తన కోడలికో మేనల్లుడికో చెప్పే మనిషి ఒడియా మాత్రమే చదవగలిగినవారు కావచ్చు. అందుకే కింద ఒడియాలో రెండు వరుసలు పెట్టాము: తెలుగు చెప్పేవారు కావాలి, రోజుకు రెండు గంటలు, ఇంత జీతం, ఈ ఫోను. లెక్కలు కట్టే గుమస్తాకో, ఆటల మాస్టారుకో అయితే రెండు భాషలూ సమానంగా ఉండాలి.

ఆ రెండు వరుసలు ఫోనులో అనువాదం చేయించి అచ్చు వేయకండి, మీ ఒడియా టీచరు చేత రాయించండి. పక్కపక్క భాషలే, మాటలు మాత్రం మాయ చేస్తాయి. ఒడియాలో శిక్షా అంటే చదువు. మనకు శిక్ష అనగానే బెత్తం కనిపిస్తుంది. వారికి చాకిరి అంటే గౌరవమైన ఉద్యోగం, మనకేమో వెట్టిచాకిరి గుర్తొస్తుంది. ఊరి పేరు కూడా అంతే, మన పర్లాకిమిడి ఒడియా అక్షరాల్లో పారలాఖెముండి.

ఎప్పుడు వేయాలి?

ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. నదికి అవతల పాతపట్నంలో బళ్లు తెరిచేది జూన్‌లో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. మధ్యలో ఉన్నది మహేంద్రతనయ ఒక్కటే, బడి క్యాలెండర్లు మాత్రం రెండు. కాబట్టి మార్చి మధ్యలో ఒకసారి వేయండి, ఇటువైపు వారికోసం. అప్పటికి దొరకకపోతే మే ఆఖరి వారంలో మళ్లీ వేయండి. ఆంధ్ర వైపు టీచర్లు ఉద్యోగం వెతుక్కునేది అప్పుడే. మధ్యలో మండుటెండల్లో కాగితాలు అంటిస్తే చదివేవారు లేక ఎండిపోతాయి.

నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు మార్గం మీద ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. టెక్కలి, తెంబూరు, పాతపట్నం నుంచి మీ ఊరికి రైలెక్కి వచ్చేవారు ఉంటారు. పాఠం సమయం పెట్టే ముందు ఆ రైళ్ల వేళలు ఒకసారి చూడండి. పావుగంట అటూ ఇటూ జరిపితే ఒక అభ్యర్థి పెరుగుతారు.

ఎక్కడ అంటించాలి, ఎవరికి పంపాలి

మా ఖర్చు లెక్క ఇది. ఊరిని బట్టి కాస్త మారుతుంది. డి.టి.పి. సెంటర్లో కంపోజింగ్ 100. ఎ4 కాగితాలు అరవై, జిరాక్స్ రెండు రూపాయల చొప్పున 120. టేపు, జిగురు 50. ఐదు వందల కరపత్రాల అచ్చు 400. వాటిని పేపర్ల మధ్య పెట్టి వేయడానికి పేపరు ఏజెంటుకు 200. మొత్తం 870. మిగిలిన 130 రూపాయలు కాగితాలు అంటించిన కుర్రాళ్ల టిఫిన్లకు పోయింది.

అచ్చుకు ఇచ్చే ముందు ఫోను నంబరును మీ ఫోనులోంచే ఒకసారి కొట్టి చూడండి. డ్రాఫ్టులో ఉన్న నంబరును అంకె అంకెగా చూసి కొట్టాలి, నోటికొచ్చింది కాదు. మా అరవై కాగితాల్లో 6 ఉండాల్సిన చోట 9 పడింది. బడిలో ఇద్దరు ఆయాలు, నేను కూర్చుని అరవై కాగితాలనూ బాల్‌పెన్నుతో దిద్దాము. అవి చూస్తే రేషన్ కార్డు దిద్దినట్టు ఉంది.

కాగితం అంటించే చోటు విషయంలో ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ మనిషి నిలబడి ఎదురుచూస్తారా? నడిచిపోయే చోట ఎవరూ చదవరు. జిరాక్స్ షాపు కౌంటరు అన్నిటికన్నా మేలు. ఉద్యోగం వెతుక్కునే ప్రతి మనిషీ సర్టిఫికెట్ల కాపీల కోసం అక్కడ ఐదు నిమిషాలు నిలబడతారు. తర్వాత మందుల షాపు, పిండిమర, బస్టాండులో టీ బడ్డీ, బ్యాంకు బయట గోడ (అడిగి), గుడి దగ్గర చెప్పులు విడిచే చోటు. ఎస్.కె.సి.జి. కాలేజీ లాంటి పాత కాలేజీ ఊళ్లో ఉంటే దాని నోటీసు బోర్డు, బి.ఇడి. కాలేజీ ఉంటే అదీ. వారానికొకసారి జరిగే సంతలో నాలుగు కాగితాలు కొట్లవారికి ఇవ్వండి, చుట్టుపక్కల పల్లెలకు కబురు వెళ్తుంది. కరెంటు స్తంభాల మీద, ఎవరి గోడ మీద పడితే వారి గోడ మీద అంటించకండి. తిట్లు బడి పేరుకే వస్తాయి.

వాట్సాప్ ఉచితమే కానీ దానికీ ఒక పద్ధతి ఉంది. రంగురంగుల బొమ్మగా పంపితే ఫోను నంబరు మీద వేలు పెట్టినా కాల్ వెళ్లదు, చూసినవారు నంబరు మళ్లీ కొట్టుకోవాలి. అందుకే పై ప్రకటనను మామూలు అక్షరాలుగానే పంపండి, బొమ్మను స్టేటస్‌లో పెట్టుకోండి. పెద్ద గ్రూపుల్లో గుమ్మరించే కన్నా, పిల్లల తల్లిదండ్రుల్లో పది మందిని ఎంచుకుని విడివిడిగా పంపి, "మీకు తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడగండి. విడిగా అడిగితే మొహమాటానికైనా ఆలోచిస్తారు. చివరి తేదీ తప్పకుండా ఉండాలి, ఏడాది కూడా వేయండి. మేము ఒకసారి ఏడాది వేయడం మరిచిపోయాము. ఆ సందేశం గ్రూపులన్నీ తిరిగి తిరిగి మరుసటి దసరాకు నాకే వచ్చింది, "అర్జెంటు, వెంటనే షేర్ చేయండి" అని తోకతో సహా.

కేంద్ర కార్మిక శాఖ నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ వెబ్‌సైటులో ఖాళీ పెట్టడానికి డబ్బు అక్కర లేదు. జిల్లా ఉపాధి కార్యాలయానికి ఒక ఉత్తరం ఇవ్వడానికీ ఖర్చు లేదు. ఇవ్వండి. రెండు గంటల పనికి అక్కడి నుంచి మనిషి వస్తారని మాత్రం కూర్చోవద్దు.

ఫోను ఎత్తే మనిషి

ప్రకటన ఎంత బాగున్నా ఫోను ఎత్తకపోతే దండగ. బడి వేళల్లో నంబరు మోగుతూనే ఉంటుంది, ఎవరూ తీయరు. అందుకే సాయంత్రం 4 నుంచి 6 అని రాసి, ఆ రెండు గంటలూ ఫోను మా హెడ్మిస్ట్రెస్ చేతిలో పెట్టాము. ఆమె పేరు కూడా కాగితం మీద వేశాము. మొదటిసారి నా నంబరు ఇచ్చినప్పుడు చేసినవారిలో ఆడవారు దాదాపు లేరు. ఎవరో తెలియని మగవాడికి ఫోను చేయడానికి చాలామంది వెనకాడతారని నాకు తట్టనే లేదు, మా ఆవిడ చెబితే తెలిసింది.

ఫోను పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు, ఊరు, చదువు, ఎన్ని గంటలకు రాగలరు, చివరగా "ప్రకటన ఎక్కడ చూశారు?" అన్న ప్రశ్న. ఆ ఏడాది మాకు పందొమ్మిది ఫోన్లు వచ్చాయి. వాట్సాప్ నుంచి ఏడు, గోడ కాగితాల నుంచి ఐదు, తల్లిదండ్రులు చెబితే మూడు, కరపత్రాల నుంచి మూడు, గుర్తులేదన్నవారు ఒకరు. ఖర్చులో 600 కరపత్రాలకే పోయింది, వచ్చినవి మూడే ఫోన్లు. పేపరు తెరవగానే కరపత్రం దులిపి కింద పడేయడం మన ఇళ్లలో అలవాటు కదా. మరుసటి ఏడాది వాటిని మానేశాము, ఖర్చు 270కి దిగింది. మీ ఊళ్లో లెక్క తిరగబడవచ్చు, అందుకే నోటుబుక్కు.

ఫోనులోనే ఆధార్ కాపీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు పంపమని అడగకండి. చూడటానికి వచ్చిన రోజు తెచ్చుకుంటే చాలు, చూసి వెంటనే తిరిగి ఇచ్చేయండి. ఎంచుకున్నాక పిల్లల మధ్య తిరిగే మనిషి కాబట్టి పోలీసు వెరిఫికేషన్ చేయించండి, పార్ట్‌టైమే కదా అని వదలవద్దు. మాట్లాడుకున్న గంటలు, జీతం, సెలవుల్లో సగం జీతం అన్నీ ఒక కాగితం మీద రాసి రెండువైపులా సంతకాలు చేయండి.

ఇప్పుడు మా బడిలో తెలుగు చెబుతున్నావిడ పాతపట్నం నుంచి వస్తారు. పిండిమర దగ్గర కాగితం చూసింది ఆవిడ కాదు, వాళ్ల అత్తగారు. ఒడియా వరుసలే చదివారట.

ఆవిడ చేరిన రోజు సాయంత్రమే ఇద్దరు పెద్ద పిల్లలను తీసుకుని వెళ్లి గోడల మీది కాగితాలన్నీ తీయించాను. గట్టి టేపుతో అంటించిన చోట సున్నం పెచ్చు కూడా ఊడింది, మందుల షాపాయన చిన్నబుచ్చుకున్నారు. మైదా జిగురుతో అంటిస్తే తడిగుడ్డకే వచ్చేస్తుంది, మీరు అలా చేయండి. ప్రకటన పంపిన ప్రతి గ్రూపులోనూ "పోస్టు నిండింది" అని ఒక వరుస పెట్టండి. నోటుబుక్కులో మిగిలిన పద్దెనిమిది మందికీ హెడ్మిస్ట్రెస్ చేత ఫోను చేయించండి. వారిలో లెక్కలు చెప్పే కుర్రవాడు ఒకడున్నాడు, మా లెక్కల మాస్టారు వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు.